మార్చి ఎండలో మంచు మీద జారుడు

మార్చి నెలలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల కల్లాలు ఎర్రబారి ఉంటాయి. కోసిన మిరపకాయ ఎండలో ఆరుతుంటుంది. పత్తి చివరి తీత ముగిసి, కట్టె పీకేసిన నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉంటాయి. రైతు చూపు మాత్రం మబ్బుల మీదే. ఈ రోజుల్లో ఉరుముల వాన పడి, దానికి వడగళ్లు తోడైతే కల్లంలో కాయ నాని తాలవుతుంది, చెట్టు మీది కాయ రాలిపోతుంది. మన ఆకాశంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే గాలి సున్నా డిగ్రీల కంటే చల్లబడుతుంది. అక్కడ గడ్డకట్టిన నీరు పూర్తిగా కరిగేలోగా నేలను చేరితే అవే వడగళ్లు. మన మైదానాలకు పైనుంచి మంచు దిగేది ఆ ఒక్క రూపంలోనే.

అదే నెలలో, ఈ ఊళ్ల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మరో రకం మంచు కోసం బయల్దేరతాయి. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ చుట్టూ ఉన్న నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్, ట్రాయ్ పట్టణాల్లో తెలుగువారు బాగా ఎక్కువ. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు 2015లో డెట్రాయిట్‌లోనూ, 2025 జులైలో నోవైలోనూ జరిగాయి. నోవై నుంచి సుమారు అరగంట ప్రయాణంలో మౌంట్ బ్రైటన్ అనే స్కీ కొండ ఉంది. అడుగు నుంచి కొస దాకా దాని ఎత్తు 230 అడుగులు, అంటే 70 మీటర్లు. కోటప్పకొండ ఎక్కినవారి లెక్కలో అది గుట్టే. శనివారం పొద్దున్నే రెండు మూడు కుటుంబాలు కలిసి, పులిహోర డబ్బాలు, టీ ఫ్లాస్కులు కారులో సర్దుకుని ఇలాంటి చిన్న కొండలకు చేరతాయి. స్కీలు, హెల్మెట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. పిల్లలు గంటలో నేర్చుకుంటారు, పెద్దలు రోజంతా పడుతూ లేస్తూ నేర్చుకుంటారు.

వసంతంలో అక్కడికి వెళ్లినవారికి ఒక వింత ఎదురవుతుంది. గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు, ఎండ చురుక్కుమంటోంది, అయినా కాళ్ల కింద మంచు నిలిచే ఉంది. పొద్దున 9 గంటలకు ఆ మంచు గట్టిగా, గరగరలాడుతూ ఉంటుంది. 11 గంటలకు పైపొర మెత్తబడి స్కీ హాయిగా సాగుతుంది. 2 గంటలకు అదే వాలు మీద స్కీలు పట్టేస్తాయి, అలవాటు లేనివారు ముందుకు తూలిపోతారు. ఒకే కొండ, ఒకే రోజు, మూడు రకాల నేల. ఈ మార్పంతటికీ మూలం కంటికి కనిపించని ఒక నీటిపొర. ఆ పొరను పెంచేదీ తుంచేదీ ఎండ ఒక్కటే కాదు, గాలిలోని తేమ కూడా. ఆ లెక్క పట్టుబడితే మిషిగన్ మంచే కాదు, పల్నాడులోని రెంటచింతల ఎండ కూడా అర్థమవుతుంది.

ఎండకు లొంగని తెలుపు

కొత్తగా పడిన మంచు తన మీద పడిన సూర్యకాంతిలో 80 నుంచి 90 శాతం దాకా తిప్పి పంపేస్తుంది. మన నల్లరేగడి నేల తిప్పి పంపేది 10, 15 శాతమే, తడిస్తే ఇంకా తక్కువ. అందుకే మధ్యాహ్నానికి చేను కాళ్లు పెట్టనివ్వదు, మంచు మాత్రం ఎండలోనూ చల్లగా ఉండగలదు. అయితే మార్చి నాటికి ఆ మంచు పాతదై, గింజలు పెరిగి, దుమ్ము పట్టి, తడిసి ఉంటుంది. అప్పుడది తిప్పి పంపే వాటా 60 శాతానికీ, ఇంకా దిగువకూ జారుతుంది. కరగడం మొదలైన మంచు ఎండను మరింతగా లోపలికి తీసుకుంటుంది, దాంతో ఇంకా తొందరగా కరుగుతుంది.

కొండ ఏ దిక్కుకు వాలి ఉందన్నదీ ముఖ్యమే. మార్చి 21న మధ్యాహ్నం గుంటూరులో సూర్యుడు దిగంతానికి 74 డిగ్రీల ఎత్తున ఉంటాడు. డెట్రాయిట్‌లో 48 డిగ్రీలే. అక్కడ 15 డిగ్రీల వాలు ఉన్న కొండ దక్షిణ ముఖంగా ఉంటే ఎండ దాని మీద 63 డిగ్రీల కోణంలో పడుతుంది, ఉత్తర ముఖంగా ఉంటే 33 డిగ్రీల కోణంలో. లెక్క కడితే దక్షిణ వాలుకు ఉత్తర వాలు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఎండ అందుతుంది. స్కీ వాలులను వీలైనచోటల్లా ఉత్తరం వైపు ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఇన్ని అడ్డంకులు దాటి లోపలికి చేరిన వేడి కూడా మంచును వెంటనే కరిగించలేదు. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంత వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగదు, వేడంతా స్ఫటికంలోని అణువుల బంధాలను సడలించడానికే ఖర్చవుతుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. మంచు గుట్ట సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి నిలిచి ఉండగలగడానికి ఈ గుణమే ఆధారం.

రాత్రి గడ్డ, పగలు గింజ

మబ్బు లేని రాత్రి మంచు ఉపరితలం పరారుణ కిరణాల రూపంలో తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. ఈ పనిలో మంచును మించినవి తక్కువ. గాలి 2, 3 డిగ్రీల దగ్గరే ఆగినా ఉపరితలం సున్నా కంటే దిగువకు చల్లబడి గడ్డకడుతుంది. ఇదే సూత్రంతో మన దేశంలోనూ ఒకప్పుడు ఐసు తయారుచేసేవారు. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ లండన్ రాయల్ సొసైటీకి పంపిన వ్యాసంలో అలహాబాద్ దగ్గరి పద్ధతిని వర్ణించాడు. నేలలో గుంటలు తవ్వి, చెరకు లేదా మొక్కజొన్న ఎండు దంట్లు పరిచి, వాటి మీద లోతులేని చిన్న మట్టి పళ్లేల్లో కాచిన నీళ్లు పోసి చలికాలపు రాత్రి వదిలేస్తే, తెల్లవారేసరికి పైన ఐసు పేరుకునేది. వేడి ఆకాశానికి పోతుంది, కొంత నీరు ఆవిరైపోతూ మిగతా నీటిని ఇంకా చల్లబరుస్తుంది, దంట్లు నేల వేడిని పైకి రానివ్వవు. గడ్డకట్టే చలి లేనిచోట ఐసు పుట్టింది ఈ మూడింటి కలయిక వల్లనే.

స్కీ కొండ మీద ఈ రాత్రి చలి, పగటి ఎండ ఒకదాని తర్వాత ఒకటి పని చేసి మంచు రూపాన్నే మార్చేస్తాయి. ఆకాశం నుంచి పడినప్పుడు చాలా రేణువులు ఆరు కొమ్మల స్ఫటికాలు. ఎన్ని ఆకారాలున్నా ఆరు వైపులు మారవు, ఎందుకంటే నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు షడ్భుజాలుగానే అల్లుకుంటాయి. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా 1936లో ప్రయోగశాలలోనే మంచు స్ఫటికాన్ని పెంచి, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత తేమలో ఏ ఆకారం వస్తుందో చూపించాడు. నేల మీద పడ్డాక ఆ కొమ్మలు నిలవవు. సన్నని మొనలు ముందు కరుగుతాయి, చిన్న రేణువుల నీరు పెద్ద రేణువులకు అంటుకుంటుంది. పగలు పుట్టిన నీరు రేణువుల సందుల్లోకి పాకి వాటిని గుత్తులుగా కడుతుంది. రాత్రి ఆ నీరు గడ్డకట్టి గుత్తులను బిగిస్తుంది. కొన్ని రోజులు ఇలా జరిగాక కొమ్మల స్ఫటికాలు పోయి, మిల్లీమీటరూ అంతకు మించీ ఉన్న గుండ్రటి గింజలు మిగులుతాయి. స్కీ చేసేవారు దీన్ని కార్న్ స్నో అంటారు. పొద్దున గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని పలకగా ఉంటాయి. ఎండ తగిలి పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన బంధాలు విడిపోయినప్పుడు గింజలు స్కీ కింద దొర్లి పక్కకు తప్పుకుంటాయి. వసంతపు స్కీలో అందరూ ఎదురుచూసే ఆ ఒకటి రెండు గంటల హాయి ఇదే.

జారుడుకు కారణం బరువు కాదు

మంచు మీద ఎందుకు జారుతామో చెప్పమంటే చాలా పాఠ్యపుస్తకాలు ఒత్తిడి వల్ల మంచు కరుగుతుందని జవాబు చెప్పేవి. 1849లో జేమ్స్ థామ్సన్ చెప్పిన సూత్రం అందుకు మూలం. సూత్రం నిజమే, కానీ స్కీకి సరిపోదు. ఒక వాతావరణ పీడనం అదనంగా పడితే మంచు ద్రవీభవన స్థానం తగ్గేది 0.0074 డిగ్రీ. 70 కిలోల మనిషి బరువు రెండు స్కీల వైశాల్యం మీద పరుచుకుంటే పడే ఒత్తిడి వాతావరణ పీడనంలో మూడు శాతం మాత్రమే. గింజల మొనల మీద ఒత్తిడి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువే, అయినా మైనస్ 10 డిగ్రీల మంచును కరిగించడానికి అది చాలదు. బరువే కారణమైతే 20 కిలోల పిల్లవాడు అసలు జారకూడదు. కొండ మీద అందరికంటే బాగా జారేది అలాంటి పిల్లలే.

1850లో మైకేల్ ఫారడే మరో మాట చెప్పాడు. గడ్డకట్టిన మంచు ఉపరితలం మీద ఎప్పుడూ ఒక పలుచని ద్రవపు పొర ఉంటుందని, అందుకే రెండు ఐసు ముక్కలను ఆనిస్తే అతుక్కుంటాయని ఊహించాడు. స్ఫటికం లోపలి అణువును నాలుగు వైపులా పొరుగు అణువులు పట్టి ఉంచుతాయి, ఉపరితలంలోని అణువుకు పైన పట్టేవారు లేరు. అది వదులుగా కదులుతుంది. 2018లో జర్మనీ, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఉక్కు బంతిని ఐసు మీద జార్చి, ఈ వదులు అణువులు జారుడుకు ఎలా తోడ్పడుతున్నాయో వివరించారు. వారి ప్రయోగంలో అన్నిటికంటే తక్కువ ఘర్షణ కనిపించింది మైనస్ 7 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే అణువుల కదలిక తగ్గింది, వేడెక్కితే ఐసే మెత్తబడి బంతి దిగబడింది.

వేగం పెరిగాక ఇంకో వేడి తోడవుతుంది. ఇంగ్లండులో పనిచేసిన బౌడెన్, హ్యూస్ 1930ల చివర్లో స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్ కనుమ మీద మంచు గుహలో ప్రయోగాలు చేసి, రాపిడి వేడే ఆ నీటిపొరను పుట్టిస్తుందని 1939లో ప్రకటించారు. మంచు మీద స్కీ ఘర్షణ గుణకం మంచి రోజున 0.05 ఉంటుందనుకుందాం. 70 కిలోల మనిషి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే స్కీల కింద సుమారు 340 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడి గింజల కొసలను కరిగించి, మైక్రోమీటర్లలో కొలవదగినంత పలుచని పొరను తయారుచేస్తుంది.

ఇక మధ్యాహ్నం స్కీలు ఎందుకు పట్టేస్తాయి? తొలకరిలో నల్లరేగడి చేను గట్టున నడిచినవారికి ఈ జవాబు పాదాలకే తెలుసు. ఎండిన రేగడి కాలికి పట్టునిస్తుంది, పైపొర తడిస్తే జర్రున జారుస్తుంది, బాగా నానితే చెప్పుకు ముద్దలు ముద్దలుగా అంటుకుని కాలు లేవనివ్వదు. మంచుదీ ఇదే వరస. నీటిపొర మరీ పలుచగా ఉంటే గింజలు స్కీ అడుగును గీస్తాయి. కాస్త మందమైతే ఘర్షణ తగ్గుతుంది. ఇంకా మందమైతే నీరు గింజల మధ్య వంతెనలు కట్టి, స్కీ అడుగునంతా తడిపి వెనక్కి లాగుతుంది. అందుకే స్కీ అడుగున నీరంటని పాలిథిలీన్ వాడి, దాని మీద మైనం పూస్తారు, తడి మంచుకు వాడే స్కీల అడుగున నీరు తప్పుకునేందుకు సన్నని గాడులు చెక్కుతారు. ఫ్లోరిన్ కలిసిన మైనం నీటిని అన్నిటికంటే బాగా తోసేస్తుంది. కానీ అందులోని రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా మిగులుతాయి. అందుకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 నుంచి పోటీల్లో దాన్ని నిషేధించింది.

ఘర్షణ గుణకం 0.05 ఉన్నప్పుడు 3 డిగ్రీల వాలు చాలు, స్కీ తానే కదులుతుంది. మధ్యాహ్నపు బురద మంచులో అది 0.1 దాటితే 6 డిగ్రీల వాలు కావాలి. కొత్తవారికి కేటాయించే వాలులు చాలాచోట్ల దాదాపు అంతే ఉంటాయి. పొద్దున పరుగెత్తించిన వాలే మధ్యాహ్నానికి నిలబెట్టేయడం ఇందువల్లే. నీడలోని గట్టి మంచు నుంచి ఎండలోని తడి మంచులోకి అడుగుపెట్టిన క్షణంలో స్కీలు హఠాత్తుగా నెమ్మదిస్తాయి, ఒళ్లు మాత్రం అదే వేగంతో ముందుకు పోతుంది. వసంతంలో చాలామంది తూలిపోయేది ఆ గీత దగ్గరే. మోకాళ్లు కొంచెం వంచి, బరువు కాస్త వెనక్కి వేస్తే నిలదొక్కుకోవచ్చు.

కొండ చిన్నదని అలక్ష్యం చేయకూడదు. 70 మీటర్ల ఎత్తు నుంచి ఏ ఘర్షణా, గాలి నిరోధమూ లేకుండా జారితే అడుగుకు చేరేసరికి వేగం గంటకు 133 కిలోమీటర్లు ఉంటుంది. మలుపులు తిరుగుతూ, స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెట్టి అంచులతో మంచును గీకుతూ ఆ శక్తిని ఖర్చు పెట్టడమే స్కీ విద్యలో మొదటి పాఠం. హెల్మెట్ పిల్లలతోపాటు పెద్దలకూ తప్పనిసరి.

తేమ చేసే తీర్పు

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,500 జౌళ్ల వేడి కావాలి. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు చాలు. అంటే పొడిగాలిలో మంచు మీది తడి ఒక గ్రాము ఆవిరైపోతే, అది తీసుకుపోయే వేడి ఏడు గ్రాముల నీటిని గడ్డకట్టించగలదు. గాలి 5 డిగ్రీలున్నా మంచు పొడిగా, చల్లగా నిలవడంలో ఈ ఆవిరిది పెద్ద వాటా. మన ఇళ్లలో మట్టికుండ నీటిని చల్లబరిచేదీ, వేసవిలో వట్టివేళ్ల తడకలు గదిని చల్లబరిచేదీ ఈ గుణమే.

గాలి తేమగా ఉంటే లెక్క తిరగబడుతుంది. తుషార బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, సున్నా డిగ్రీలు దాటిన రోజున గాలిలోని ఆవిరే చల్లని మంచు మీద నీరుగా మారుతుంది. అలా చేరే ప్రతి గ్రాము ఏడు గ్రాముల మంచును కరిగించేంత వేడిని వదులుతుంది. వెచ్చని వాన మంచును తినేస్తుందని అనుకుంటాం కానీ, 10 డిగ్రీల వాననీరు కిలో పడితే కరిగేది 125 గ్రాముల మంచే. వానతో పాటు వచ్చే తేమ గాలి, పొగమంచు చేసే నష్టం అంతకంటే ఎక్కువ. ఒకే 5 డిగ్రీల ఉష్ణోగ్రత ఒక రోజు మంచును కాపాడి, మరో రోజు కరిగించేస్తుంది. తేడా తేమలో ఉంది.

మంచు తయారుచేసే యంత్రాలు నడిచేదీ ఈ తీర్పుకు లోబడే. దక్షిణ మిషిగన్ గుట్టల్లో సహజంగా పడే మంచు సీజనంతటికీ సరిపోదు, అందులో పెద్ద భాగం యంత్రాలు చల్లినదే. 1950లో కనెటికట్ రాష్ట్రంలో ఆర్ట్ హంట్, డేవ్ రిచీ, వేన్ పియర్స్ అనే ముగ్గురు సంపీడన గాలితో నీటిని సన్నని తుంపరగా చిమ్మి ఈ యంత్రానికి నాంది పలికారు. తుంపర నేలకు చేరేలోగా గడ్డకట్టాలంటే చూడవలసింది మామూలు ఉష్ణోగ్రతను కాదు, తడిబల్బు ఉష్ణోగ్రతను. థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది చూపే అంకె ఇది. నీరు ఆవిరవుతూ ఎంత దాకా చల్లబడగలదో అది చెబుతుంది. మంచు యంత్రాలకు ఈ అంకె సుమారు మైనస్ 2.5 డిగ్రీలకు దిగాలి. గాలి 1 డిగ్రీ ఉన్నా తేమ 30 శాతమైతే తడిబల్బు మైనస్ 3కు దిగుతుంది, యంత్రం నడుస్తుంది. అదే 1 డిగ్రీ దగ్గర తేమ 90 శాతమైతే తడిబల్బు సున్నాకు పైనే ఆగుతుంది, చిమ్మిన నీరంతా వానగా పడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. శుద్ధమైన నీటి తుంపర సున్నా దగ్గర గడ్డకట్టదు. స్ఫటికం మొదలవడానికి ఆసరా లేకపోతే మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. సూడోమోనాస్ సిరింజే అనే మొక్కల బాక్టీరియా ఒంటి మీది ఒక ప్రోటీను ఆ ఆసరా ఇస్తుంది. ఆకుల మీద మైనస్ 2 డిగ్రీలకే మంచు పుట్టించి పంటలను దెబ్బతీసే జీవి ఇది. దాన్ని చంపి, ఎండబెట్టి, ఆ ప్రోటీనును మంచు యంత్రాల నీటిలో కలపడం 1980ల నుంచి ఉంది. మంచు పుట్టించే జన్యువును తొలగించిన ఇదే బాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ పంట మీద చల్లారు. ప్రభుత్వ అనుమతితో జన్యుమార్పిడి జీవిని ఆరుబయలు పొలంలో వదిలిన మొదటి సందర్భాల్లో అది ఒకటి. మన చేలకు బీటీ పత్తి వచ్చింది ఆ తర్వాత 15 ఏళ్లకు, 2002లో.

పత్తి బట్ట, మిరప కారం

కొండ మీద మనిషి ఒంటికీ ఈ ఆవిరి లెక్కే వర్తిస్తుంది. అమెరికా వెళ్లిన కొత్తలో చాలామంది జీన్స్ ప్యాంటు, కాటన్ చొక్కాతో మంచులోకి దిగుతారు. పత్తి నూలు మామూలు గాలిలోనే తన బరువులో 7, 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టరు పట్టేది అర శాతం కూడా కాదు. పడినప్పుడల్లా అంటిన మంచు, లోపలి చెమట కలిసి పత్తి బట్టను నానబెడతాయి. పోగుల మధ్య గాలి ఉన్నంతసేపే బట్ట వెచ్చదనాన్ని నిలుపుతుంది, ఆ చోట్లో నీరు చేరితే గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని బయటికి పంపుతుంది. ఆ నీరు ఆవిరవుతూ మరింత వేడిని లాగేస్తుంది. మే నెలలో మనల్ని కాపాడే గుణమే మంచులో ముప్పు తెస్తుంది. ఒంటిని ఆనుకుని ఉన్ని గానీ సింథటిక్ గానీ, పైన నీరు చొరని కోటు వేసుకోవడం క్షేమం. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది కాబట్టి చలిలోనూ నల్లకళ్లద్దాలు, సన్‌స్క్రీన్ అవసరం.

మధ్యాహ్నం భోజనంలో గుంటూరు కారం పడితే ఒళ్లు వెచ్చబడుతుందన్న నమ్మకం ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునేదీ అదే. మెదడుకు అందే వార్త ఒకటే కావడంతో కారం మంటగా తెలుస్తుంది. డేవిడ్ జూలియస్ 1997లో ఈ గ్రాహకాన్ని కనుగొన్నది క్యాప్సైసిన్ సాయంతోనే. చలిని పసిగట్టే మరో గ్రాహకాన్ని ఆయన, ఆర్డెమ్ పటపూటియన్ వేర్వేరుగా మెంథాల్ సాయంతో పట్టుకున్నారు. ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. కారం తిన్నాక చర్మంలోని రక్తనాళాలు వెడల్పై, నుదుట చెమట పడుతుంది. వెచ్చదనం తెలుస్తుంది, కానీ ఆ రెండూ ఒంటి వేడిని బయటికి పంపే మార్గాలే. చలిలో ఒంటికి నిజమైన వేడినిచ్చేది తిండిలోని కేలరీలు, కదిలే కండరాలు. భోజనంలో కారం ఉండొచ్చు గానీ, పొడి బట్టలు మాత్రం మరవకూడదు.

కుదించుకుపోతున్న చలికాలం

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రత, తేమ రెండూ కలిసి తడిబల్బు అంకెను పైకి నెడతాయి. ఎత్తైన కొండలకు ఇంకా కొంత వెసులుబాటు ఉంది, సున్నాకు అంచున బతికే చిన్న గుట్టలకు లేదు. డేనియల్ స్కాట్, రాబర్ట్ స్టైగర్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1960–79తో పోలిస్తే 2000–19 మధ్య అమెరికాలో స్కీ సీజను సగటున 5.5 నుంచి 7.1 రోజులు తగ్గింది. యంత్రాలు మంచు చల్లుతున్నా వచ్చిన తగ్గుదల ఇది.

మన దేశంలోనూ ఇదే కనిపిస్తోంది. వేసవి సెలవుల్లో తెలుగు కుటుంబాలు మనాలి వెళ్లి రోహ్‌తాంగ్ దారిలో తొలిసారి మంచును తాకుతుంటాయి. స్కీ పోటీలకు పేరుపడ్డ కశ్మీర్ గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున కూడా 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి, మంచు పడ్డాకే, మార్చిలో జరిగాయి. హిమాలయాల మంచు ఆటకు మాత్రమే కాదు, వేసవిలో ఉత్తర భారత నదులకు నీరు కూడా.

మన ఎండకూ ఇదే కొలత

మంచు యంత్రం నడపడానికి స్కీ కొండల నిర్వాహకులు చూసే తడిబల్బు అంకెను మనం ఎండలో పనిచేసే మనిషి కోసం చూడాలి. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, అది ఎంత దాకా చల్లబడగలదో చెప్పేది ఈ అంకే. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున తడిబల్బు 23, 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 38 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతమైతే అది 31కి చేరుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద జరిపిన ప్రయోగాల్లో, తేమ గాలిలో తడిబల్బు సుమారు 31 డిగ్రీలు దాటాక ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరగసాగింది. రెంటచింతల 44 డిగ్రీలు పత్రికల మొదటి పేజీకి ఎక్కుతాయి. కానీ చీరాల, బాపట్ల, ఒంగోలు తీరంలో 38 డిగ్రీల ఉక్కపోత కూలీ ఒంటికి అంతకంటే ప్రమాదం కావచ్చు. ఆ వార్త ఎక్కడా కనిపించదు.

ఈ కొలతకు పెద్ద పరికరం అక్కర్లేదు. రెండు థర్మామీటర్లు, ఒకదాని బల్బుకు చుట్టడానికి మన చేలో పండిన పత్తి గుడ్డ పీలిక, ఒక చెంబు నీళ్లు చాలు. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ పిల్లలు రోజూ ఈ రెండు అంకెలూ రాసి బోర్డు మీద పెట్టవచ్చు. పంచాయతీ కార్యాలయంలో, మిర్చి యార్డులో, జిన్నింగ్ మిల్లులో అదే అంకె కనిపించాలి. తడిబల్బు 28 దాటిన రోజున మిరప కోత, మూటల ఎత్తుబడి తెల్లవారుజామునే మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయాలి. నీడ, నీళ్లు, మజ్జిగ ఇవ్వడం యజమాని దయ కాదు, బాధ్యత. మిషిగన్‌లో ఉన్న మన పిల్లల వారాంతపు స్కీ కోసం అక్కడి నిర్వాహకులు చూసే అంకెను, ఇక్కడ మనం కూలీ ప్రాణం కోసం చూడటం నేర్చుకుందాం.